‘మరల సేద్యానికి’: ఐతాళుని మన్ను, సరసోతి సేద్యము

కోట శివరామ కారంతుగారి పేరు (1902–1997) మన జిల్లాలోని తెలుగువారికి పరిచయము చేయవలసిన పని లేదు. వారి ‘మరళి మణ్ణిగె’ నవల 1940 దశకపు తొలి సంవత్సరములలో వెలువడినది. దానిని తిరుమల రామచంద్రగారు ‘మరల సేద్యానికి’ అను పేర తెలిగించిరి. రామచంద్రగారు 1913లో అనంతపురము జిల్లా రాఘవంపల్లెలో జన్మించి, హంపీ ప్రాంతమున బాల్యము గడపినవారు. ‘హంపీ నుంచి హరప్పా దాకా’ అను వారి ఆత్మకథ ప్రసిద్ధము. తోరణగల్లు నుండి హంపీకి పోవుట పూటపని. కనుక ఈ యనువాదమును పరాయి పుస్తకముగా గాక మన సీమవాని చేతిమీదుగా వచ్చిన మన పుస్తకముగా భావించి, అందలి ఇరువురు స్త్రీలను గూర్చి కొంత విచారింపవలెనని నా యుద్దేశము.

విధవ యనగానే మన సాహిత్యమునకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది పెండ్లి. అట్లు వచ్చుటకు చరిత్ర కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో పెరిగి వచ్చినది. అందు బుచ్చమ్మ కథకు గిరీశము పెండ్లిమాటలే సూత్రము. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అరికాళ్ళకింద మంటలు’ కథలో ఇంటిల్లపాది చాకిరి నెత్తిన వేసికొన్న చిన్నది రాత్రివేళ జట్కా యెక్కి పంతులుగారి తోటకు పోవును. ఈ రచనల గొప్పదనమును నేను తగ్గించుట లేదు. శాస్త్రిగారి కథను ఏటేటా పిల్లలకు చెప్పుచునే యున్నాను. కాని జట్కా తోటకు చేరిన పిదప ఆమె తిండి యెట్లు గడచును, ఆమె పేర నేమి యున్నది యను ప్రశ్నకు ఆ కథలో తావు లేదు. కథ ముగియుచోట బ్రతుకు మొదలగును.

ఇందు మరియొక చిక్కు కలదు. 1856 నాటి వితంతు వివాహ చట్టము పునర్వివాహమును ధర్మబద్ధము చేసినది. అదే చట్టములోని రెండవ సెక్షను, మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిపై గల హక్కును తీసివేసినది. అనగా పెండ్లియా, భూమియా యని ఆమెను ఎంచుకొమ్మన్నది. ఇక మన పల్లెలలో సేద్యము చేయు కులములు పెక్కింటిలో మారుమనువు చట్టము కంటె ముందునుండియు ఆచారమై యున్నది. ఆ యిండ్లలో పెండ్లి పెద్ద ప్రశ్న కాదు. భూమి పెద్ద ప్రశ్న. మారుమనువుకు పోయిన స్త్రీ అత్తవారి చేనును వదలుకొని పోవలసినదే. సంస్కర్తలు కొన్ని కులముల ప్రశ్నను జాతిప్రశ్నగా చేసిరి గాని, అందరి ప్రశ్నగా నున్న భూమిని తడవలేదు. కారంతుగారి నవలను నేను ఈ లోటు దృష్టితో చదివితిని.

కథాస్థలము దక్షిణ కన్నడ తీరమునందలి కోడి గ్రామము. (ఊరి పేరు వినగానే మన పిల్లలు నవ్వుదురు.) ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క ఉప్పుటేరు, నడుమ ఇసుక కలసిన నేల. బళ్ళారి సీమ రైతు వాన రాలేదని యేడ్చును. అచ్చటి రైతు వాన నిలువలేదని యేడ్చును. ఉప్పునీరు మడిలోనికి వచ్చెనా, ఆ యేటి వరి పోయినట్లే. రామ ఐతాళుడు పురోహితుడు. ఊరూర తిరిగి దక్షిణ తెచ్చును. సేద్యము మాత్రము ఇంటనున్న ఇరువురు స్త్రీలది: ఒకతె భార్య పారోతి, రెండవయామె చిన్ననాడే భర్తను పోగొట్టుకొని అన్న యింట నిలిచిన చెల్లెలు సరసోతి. నాట్లు, ఆకు తెచ్చుట, వంటచెరకు కూర్చుట, వరదలో కొట్టుకొని వచ్చు కట్టెలను నీట దిగి పట్టుకొనుట, పచ్చళ్ళు, అప్పడాలు, ఇవి యన్నియు వారి పనులే. కారంతుగారు ఈ పనులను వర్ణించు తీరు గమనింపదగినది. ఎక్కడను ‘అయ్యో’ యనరు. ఏ పని ఏ నెలలో పడునో, దానికి ఎంత వొడలు వంగవలెనో చెప్పి ఊరకుందురు. సరసోతి వైధవ్యమును గూర్చి నవలలో చెప్పినదానికంటె ఆమె చేతిపనిని గూర్చి చెప్పినది ఎక్కువ. విధవ కన్నీటిని గాక చెమటను లెక్కించిన రచయిత మన దేశభాషలలో అరుదని నా యభిప్రాయము.

వదినా ఆడుబిడ్డల పొందు మన సామెతలలో ఎట్లుండునో యెల్లరకు తెలియును. ఇచ్చట అది తలక్రిందులైనది. పారోతికి సంతానము లేదు; సరసోతికి సంసారమే లేదు. లోకము దృష్టిలో ఇరువురును వెలితి గలవారు. ఆ వెలితి వారిని ఒకరికొకరిని తోడు చేసినది. ఇంటి యాడువారిని సంప్రదింపక ఐతాళుడు సత్యభామను రెండవ పెండ్లి చేసికొనినపుడు మండిపడినది సరసోతి. ఆ కోపము తనకై కాదు, వదినకై. నవలలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టములలో ఇది యొకటి. ఏ హక్కును లేని మనిషి న్యాయము మాటాడుచున్నది. అన్న యింట కూడు తినుచు అన్నను తప్పు పట్టుటకు ఎంత ధైర్యము కావలెనో, అట్టి యిండ్లలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ ధైర్యము ఆమెకు చేనిలోని పని వలన వచ్చినది. ఆమె లేక ఆ యింట గాదె నిండదు. ఆ సంగతి ఆమెకును తెలియును, ఐతాళునికిని తెలియును.

రెండవ తరము కథ వేరు. సత్యభామ కొడుకు లచ్చ ఇంగ్లీషు చదువునకు పోయి దుర్వ్యసనముల పాలగును. అతని భార్య నాగవేణి. ఆమె వ్యాధి, బిడ్డల మరణము, ఒక్క కొడుకు మిగులుట, ఇవి చదువుట కష్టము. శాస్త్రము ప్రకారము ఆమె విధవ కాదు. కాని భర్త బ్రతికి యుండగనే ఆమె బ్రతుకు భర్తలేని బ్రతుకు. సరసోతికి వైధవ్యము విధి వలన వచ్చినది. నాగవేణికి మగని వలన వచ్చినది. ఈ జంటను ప్రక్కప్రక్కన నిలిపినందుననే నవలకు బలము కలిగినదని నా విశ్వాసము.

కొడుకు చేత ఆస్తి నిలువదని తెలిసికొనిన ఐతాళుడు దానిని కోడలి పేర వ్రాసిపోవును. ఇది నవలలోని కీలకము. విమర్శకులు సాధారణముగా దీనిని ముసలివాని దూరదృష్టిగా మెచ్చుకొందురు. మెచ్చుకొనవలసినదే. కాని లచ్చ తిరిగివచ్చి తీపిమాటలాడి ఆ యాస్తిని ఆమె నుండి తీసికొనుట ఎంత సులువుగా జరిగినదో చూడుడు. కాగితము ఆమె పేరనున్నది. కాదను నోరు ఆమెకు ఎవరును నేర్పలేదు. సరసోతికి నోరున్నది, కాగితము లేదు. నాగవేణికి కాగితమున్నది, నోరు లేదు. ఈ రెండును ఒక్క స్త్రీయందు కూడియుండిన కోడి గ్రామపు కథ మరియొక విధముగ నడచియుండును.

నవల వెలువడిన నాటి న్యాయస్థితిని ఇచ్చట తలచుకొనవలెను. అప్పుడు దక్షిణ కన్నడమును, మన బళ్ళారియు, గోదావరి జిల్లాలును ఒక్క మద్రాసు ప్రభుత్వము క్రిందనే యుండెను. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము వచ్చినది. విధవకు భర్త యాస్తిలో, ఆమె జీవితకాలమునకు పరిమితమైన పాలు దొరకినది. కాని 1941లో ఫెడరల్ కోర్టు ఆ చట్టము వ్యవసాయ భూములకు చెల్లదని చెప్పినది. పల్లెలో ఆస్తి యనగా చేనే గదా! మద్రాసు రాష్ట్రము 1947లో గాని దానిని సేద్యపు భూములకు విస్తరింపలేదు. ఆ పరిమితి తొలగి సంపూర్ణ స్వామ్యము కలిగినది 1956 వారసత్వ చట్టముతోనే. అనగా కారంతుగారు ఈ నవల వ్రాయునాటికి, ఇల్లు పెట్టె బిందెలలో విధవకు పాలు కలదు గాని మడిచెక్కలో లేదు. సరసోతికి ఈ చట్టములేవియు పనికిరావు. ఆమె దున్నించినది భర్త నేల కాదు, అన్న నేల.

మా పాఠశాలలో పదవ తరగతికి ఈ కథ సంగ్రహముగా చెప్పినపుడు ఒక బాలిక లేచి, “ఆయమ్మకు కూలి ఎవరిచ్చినారు సార్?” అని అడిగినది. ఆ పిల్ల తల్లి మిరపతోటలకు కూలికి పోవును. పెక్కు విమర్శలు చదివితిని గాని ఇంత సూటియైన ప్రశ్న వానిలో కనబడలేదు.

ఇక పేరు సంగతి. కన్నడమున ‘మణ్ణిగె’ యనగా మన్నునకు. మన్ను అనుమాటకు నేల యను అర్థముతో పాటు స్వామ్యము, చావు అను ఛాయలు కలవు. మన్నులో కలియుట యని మనమును అందుము గదా. రామచంద్రగారు దానిని ‘సేద్యానికి’ అని మార్చిరి. మొదట నాకు ఇది లోటుగా తోచినది, మాట చిన్నదైనదనుకొంటిని. మరల మరల చదివిన పిదప ఈ మార్పే స్త్రీల పక్షమున నిలిచినదని తోచుచున్నది. మన్ను ఐతాళునిది, పిదప లచ్చది, పిదప కొన్నవానిది. సేద్యము ఆదినుండియు సరసోతిది.

‘మరల’ అను మాటను గూర్చియు ఒక మాట. మనుమడు రాముడు మద్రాసులో చదివి, బొంబాయిలో బ్రతుకుతెరువు వెదకి, తుదకు పల్లెకు మరలును. నవల పేరు అతని మరలింపును బట్టి వచ్చినది. మరలుట పోయినవారికి గదా! పారోతియు సరసోతియు ఎచటికిని పోలేదు. వారు నిలిపియుంచిన నేల గనుక రాముడు మరలుటకు ఒక చోటు మిగిలినది. కారంతుగారు ఈ సంగతి ఎరుగుదురు. నవల సగమునకు పైగా ఆ స్త్రీల కథయే. ఐనను చివరి తీర్పు, ఆదర్శము, ఉపన్యాసము రామునికి దక్కినవి. నవలలో ఈ భాగమే కొంత పలుచనైనదని చెప్పక తప్పదు. రాముని ఆలోచనలు పత్రికావ్యాసముల వలె నుండును. సరసోతి కసురుకొనుట యొక్కటి వానికన్న బరువైనది.

వాసిరెడ్డి సీతాదేవిగారి ‘మట్టిమనిషి’తో పోల్చిన ఈ నవల విశేషము తేటపడును. అందును మూడు తరములు, నేల, పట్టణపు మోహము, తుదకు మనుమడు మట్టికి చేరుట, అన్నియు కలవు. కాని అందు సాంబయ్య కూడబెట్టిన సంసారము కూలుటకు కోడలు వరూధిని పట్టణపు మోజు పెద్ద కారణమగును. ఇచ్చట కూల్చినవాడు కొడుకు, తాళుకొన్నది కోడలు. స్త్రీ వ్రాసిన నవలలో పాపము కోడలిపైనను, పురుషుడు వ్రాసిన నవలలో కొడుకుపైనను పడుట వింతయే. ఐనను ‘మట్టిమనిషి’లోని సేద్యపు వాసన, సాంబయ్య మూర్ఖపు ప్రేమ కారంతుగారి రామునియందు లేవని నా పక్షపాతమును దాచుకొనను.

కారంతుగారు విధవను విడువలేదు. 1968 నాటి ‘మూకజ్జియ కనసుగళు’లో, జ్ఞానపీఠ పురస్కారము 1977లో తెచ్చిపెట్టిన ఆ నవలలో, ప్రధానపాత్ర పదియేండ్లకే విధవయైన ముసలమ్మ. ఆమెకు ఆయన దేవుని గూర్చి, లోకమును గూర్చి ఎదురులేని మాట నిచ్చిరి. సరసోతికి ఇచ్చినది పని. అంతకుముందే 1933లో ‘చోమన దుడి’ వ్రాసి, నేల దున్నుకొనుటకు కులము అడ్డుపడిన చోముని దుఃఖము చెప్పిరి. నేల యెవరికి దక్కదో ఆయనకు బాగుగ తెలియును. ఐతాళుని పొలములో వంగిన సూరడు, అతని యింటి ఆడువారు ఈ నవలలో అక్కడక్కడ కనబడి మాయమగుదురు. వారిలో ఒకతె విధవయైన యెడల ఆమెకు అన్న యిల్లు, వీలునామా, పౌరోహిత్యపు దక్షిణ ఏవియు లేవు. ఆమె మరునాడే నాట్లకు పోవలెను. మా తరగతిలోని బాలిక అడిగిన కూలి ప్రశ్న అచ్చటినుండి వచ్చినది.