ఇంజన్ తీసేసిన జీపు

ఇంజన్ పోయిన జీపును తుక్కు కింద అమ్మేయడం తేలిక. అమెరికాలో యూటా రాళ్లదారులు ఎరిగిన వెల్డర్లు అంత తేలిగ్గా వదలరు. 1987 నుంచి 1995 దాకా వచ్చిన రాంగ్లర్ వైజే జీపు దొరికిందా, ముందు భాగం కోసేసి, వెనక తొట్టిని కొత్త ఛాసిస్ మీద కూర్చోబెట్టి, మరో జీపు వెనక లాక్కెళ్లే క్యాంపింగ్ ట్రైలర్‌గా మారుస్తారు. కమాన్ కట్టలు బాగుంటే పాతవే వాడతారు.

నాకు ముచ్చటేసేది ఇరుసు దగ్గర వాళ్ల శ్రద్ధ. లాగే జీపు చక్రాల మధ్య ఎంత ఎడం ఉందో ట్రైలర్‌కీ అంతే ఉంచుతారు; ముందు బండి తొక్కిన గాడిలోనే వెనకదీ నడుస్తుంది. చక్రాలూ, బోల్టుల అమరికా ఒకటే కనుక ఒక్క స్టెప్నీ రెండింటికీ సరిపోతుంది. ఎంత ముందుచూపు! నీళ్ల ట్యాంకు, బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్నదీ లెక్కే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. తగ్గితే ట్రైలర్ అటూ ఇటూ ఊగి, లాగే బండినే దారి తప్పిస్తుంది.

పైన మడత గుడారం, వెనక తలుపు తీస్తే స్టవ్వు. ఆ తలుపును మార్చకుండా ఉంచేవాళ్లంటే నాకు మరీ గౌరవం. రాత్రి వంటయ్యాక దాన్ని మూస్తే వినిపించేది ఆ పాత జీపు చప్పుడే.