నక్షత్రానికి క్యూఆర్ కోడ్

యాభై దాటినా మా సంఘంలో నేనింకా యూత్ లీడర్నే. నవ్వేవాళ్లు నవ్వండి. పిల్లలు ఇంటర్‌లో ఉండగా కీబోర్డు నేర్చుకుంటారు, బీటెక్ అవగానే హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. క్రిస్మస్ సెలవులకు వచ్చి ‘‘అంకుల్, మీరింకా యూత్‌లోనే ఉన్నారా?’’ అని పరామర్శిస్తారు. పోనీ మీలో ఒకరు తీసుకోండర్రా అంటే ఉద్యోగం, పెళ్లి, ఈఎంఐ అంటారు. అలా బీరువా తాళంచెవి, కంజీరలు, పాత నక్షత్రం తాలూకు వెదురు బద్దలు నా దగ్గరే ఉండిపోయాయి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కేరల్స్ రౌండ్స్ గురించి కూర్చున్నాం. ఏ రాత్రి ఏ వీధి, టాటా ఏస్ ఎవరిది, క్రిస్మస్ తాత వేషం ఎవరికి... ఏటా పడే తగాదాలే పడ్డాం. అంతలో ఒక కుర్రాడు చుట్టచుట్టి తెచ్చిన ఫ్లెక్సీ ముక్క విప్పాడు. సంఘం బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్. ‘‘దీన్ని నక్షత్రం మధ్యలో అతికిద్దాం అంకుల్. లోపల బల్బు ఉంటది కదా, చీకట్లో కూడా స్కాన్ అవుద్ది’’ అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తూర్పు దేశపు జ్ఞానులకు శిశువు ఉన్న చోటు చూపించిన నక్షత్రం ఇప్పుడు బ్యాంకు ఖాతా చూపించాలా? బంగారం, సాంబ్రాణి, బోళం మోసుకుంటూ అంతదూరం నడిచొచ్చినవాళ్లు వట్టి అమాయకులన్నమాట! నేనింకా తేరుకోకముందే లెక్కలు రాసే అమ్మాయి రెండో మాట అంది. ‘‘ఈ ఏడాది కానుకల పుస్తకం కూడా తీసేద్దాం అంకుల్.’’

సంఘాల్లో పెరిగినవాళ్లకు ఈ పుస్తకం గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. కేరల్స్ బృందం ఇంటి ముందు పాట పాడి, ప్రార్థన చేసి, కానుక తీసుకుంటుంది. ఎవరింట్లో ఎంతిచ్చారో అక్కడికక్కడే అట్ట పుస్తకంలో రాస్తారు. క్రిస్మస్ నాడు ఆరాధనలో ఆ పేర్లు, అంకెలు మైకులో చదువుతారు. ఇది ప్రతి సంఘంలో ఉందనను. మా ఊళ్లో మాత్రం ఉంది. ఆ పుస్తకం మొదలెట్టింది మా తాత.

మీటింగులో ఏమీ తేల్చకుండా ఇంటికొచ్చి, ఈ వారం కాలమ్ దీనిమీదే అని కూర్చున్నాను. ఏం రాయాలో కూడా ఖాయం చేసుకున్నాను. పాత కాలపు నిజాయితీ, ఇప్పటి పిల్లల తొందర. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటే ఒక్కరూ ఆ వరుస చూడరని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. ఈసారీ ఆ మద్దెల మోగిద్దామనే అనుకున్నాను.

మా తాత సంఘ టీచరు. వారం పొడుగునా పల్లెలో పిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఆదివారం వాక్యం చెప్పడం, చావుకీ పెళ్లికీ ముందుండడం. దానికి తోడు కౌలుకు తీసుకున్న కాస్త చేను. ఆయనకు అంకెలంటే ప్రాణం. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టులందరికీ ఈ జబ్బు ఎంతోకొంత ఉంటుంది. దానికో చరిత్ర ఉంది.

1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తెరిపినిచ్చాక జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు ప్రసంగీకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పని ముగించారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊరు బయటకు నెట్టిన మాదిగవాళ్లు. ఎవరూ లెక్కలో వెయ్యని మనుషుల్ని ఒక్కరినీ విడిచిపెట్టకుండా లెక్కపెట్టిన రోజది. అంకె మీద మావాళ్లకు అంత మమకారం ఎందుకో అక్కడే అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ ప్రాంతంలో ఏ బాప్టిస్టు ఇంటికి వెళ్లినా ‘మా ముత్తాత ఆ 2,222 మందిలో ఒకడు’ అంటారు. అందరి మాటా నమ్మితే గుండ్లకమ్మకు రేవులు చాలవు. మా ఇంట్లోనూ అదే మాట. తాత దాన్ని ఎంత గంభీరంగా చెప్పేవాడంటే, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కూడా చెప్పేవాడు. నాయనమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచే ‘‘ముత్తాతలే మునిగారా? ముత్తవ్వలు గట్టునే కూర్చున్నారా?’’ అనేది. మేం నవ్వేవాళ్లం. తాత నవ్వేవాడు కాదు.

సరే, కాలమ్‌లో రాద్దామనుకున్న కథ ఇది. 1977 నవంబర్ 19 తుపాను దివిసీమను ఊడ్చిపెట్టేసింది. దాని తాలూకు గాలివాన మా వైపూ కొట్టింది. తాత కౌలుచేలో పొగాకు నాట్లు కుళ్లిపోయాయి. నెల తిరిగేసరికి క్రిస్మస్. ఇంట్లో ఏమీ లేదు. కేరల్స్ బృందం మా ఇంటి ముందుకు వచ్చినా కానుక పడలేదు. క్రిస్మస్ ఆరాధనలో తాత లేచి పుస్తకం చదువుతూ, అందరి పేర్ల మధ్య తన పేరూ చదివి, ‘‘మా ఇల్లు: ఏమీ లేదు’’ అని అదే గొంతుతో చెప్పి, తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు. నాకప్పుడు నాలుగేళ్లు, నాకు గుర్తుండే వీలు లేదు. నాన్న చెప్పగా విన్నది. యూత్ రిట్రీట్లలో ‘విశ్వాసాన్ని బతకడం అంటే ఏమిటి’ అని ఎవరన్నా అడిగితే నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఈ కథే. పిల్లలు నిశ్శబ్దంగా వినేవాళ్లు. ప్రసంగం చేసేవాడికి అంతకన్నా కావలసిందేముంది?

సంవత్సరం సరిచూసుకుందామని సోమవారం మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆ డిసెంబర్లో ఆవిడకు పద్నాలుగేళ్లు. తుపాను ఏడే అని ఖాయం చేసి, అసలు కథ ఇంకోటి చెప్పింది.

‘‘ఒరే అబ్బాయ్, నాన్న పుస్తకం చదివిన సంగతే నీకు చెప్పారు. ముందురోజు రాత్రి ఏమైందో చెప్పలేదా?’’

చెప్పలేదు.

మధ్యాహ్నమే నాయనమ్మ తాతను బతిమాలిందట. ‘‘ఈ ఏడు మన వీధి చివర్లో పెట్టుకో, మన ఇంటి ముందు ఆగొద్దు. లేదంటే ఎవరిదగ్గరన్నా రూపాయి బదులు తెచ్చి రాయి’’ అని. ఆయన రెంటికీ ఒప్పుకోలేదు. ఇల్లు దాటిపోతే పక్షపాతమట, అప్పు తెచ్చి రాస్తే అబద్ధమట. రాత్రి పెట్రోమాక్స్ వెలుగు వీధి మలుపులో కనిపించగానే నాయనమ్మ లాంతరు ఆర్పేసి, పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపు గడియ పెట్టేసింది. బయట తాత గొంతే ముందు లేచింది. పాట అన్ని చరణాలూ పూర్తిగా పాడారు. ప్రార్థన చేశారు. లోపల మా అత్త, ఆవిడ తమ్ముళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చిన్నవాడికి దగ్గొస్తే నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టింది. కాసేపటికి కంజీరల మోత పక్కింటికి వెళ్లిపోయింది.

తెల్లారి సంగతి మీకు తెలిసిందే. తెలియనిది దాని తర్వాతది. ఆ మరుసటి ఏడు నుంచి నాయనమ్మ క్రిస్మస్ ఆరాధనకు ఆలస్యంగా వెళ్లేదట. పుస్తకం చదవడం అయిపోయిందని తెలిశాకే చెప్పులు విప్పి లోపలికొచ్చి, వెనక చాప మీద కూర్చునేదట. తాత పోయేదాకా అదే వరస. ‘‘ఆయన నిజాయితీకి నా తలకాయ కొట్టేశారు’’ అని ఒక్క మా అత్తతో అందట, అదీ ఒకేసారి.

ఈ కథలో ఇంకో లెక్క ఉంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. నాయనమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న కుండలో వేసేది. పిడికెడు బియ్యం అంటే మా ఆడవాళ్లందరికీ తెలుసు. ఆదివారం ఆ కుండ బియ్యం గుడ్డలో మూటగట్టి తీసుకెళ్లి, గుడిలో అందరి బియ్యం పోసే గంపలో పోసేది. గంపలో కలిశాక ఏవి ఎవరివో ఎవరికి తెలుస్తుంది? వచ్చింది కాస్తా సంఘంలో లేనివాళ్లకీ పాస్టరుగారింటికీ వెళ్లేది. తుపాను నెలలో కూడా ఆ కుండలోకి పిడికెడు పడిందని అత్త చెప్పింది. పిడికిలి చిన్నదయింది గానీ మానలేదట. అంటే ‘మా ఇల్లు: ఏమీ లేదు’ అని తాత మైకు లేని రోజుల్లో గొంతెత్తి చదివిన మాట లెక్క ప్రకారం కూడా తప్పు. ఆ ఇంటినుంచి ఏడాది పొడుగునా కానుక వెళ్తూనే ఉంది. ఆడమనిషి చేతిమీదుగా వెళ్లింది కాబట్టి పద్దులోకి ఎక్కలేదు.

తాతను తక్కువ చేయడానికి ఇది రాయడంలేదు. ఆయన తన పేరు దాచుకోలేదు, అందులో ధైర్యం ఉంది. కానీ ఆ ధైర్యానికి ఖరీదు చెల్లించింది వేరే మనిషి. ఆవిణ్ణి ఆయన అడగలేదు. లీడర్లకిచ్చే శిక్షణ తరగతుల్లో ‘మీ కుటుంబ సాక్ష్యంతో మొదలెట్టండి’ అని నేర్పుతారు. నేర్పేవాళ్లు ఇంకో మాట కూడా చేర్చాలి: ఆ సాక్ష్యం చెప్పేముందు ఇంట్లో వంటగది వైపువాళ్లను ఒకసారి అడిగి రమ్మని. మనం ప్రసంగాల్లో వాడే తాతల కథల్లో చాలావాటికి గడియ పెట్టుకున్న తలుపు వెనక మిగతా సగం ఉంటుంది.

బుధవారం సాయంత్రం ప్రార్థన తర్వాత యూత్ పిల్లల్ని వెంటబెట్టుకుని సంఘ పెద్దల ముందు కూర్చున్నాను. పుస్తకం ఎందుకు తీసేయాలో ఆ అమ్మాయే చెప్పింది. పోయినేడు మూడు వీధుల్లో కొన్ని ఇళ్లకు బయట తాళం వేసి లోపల టీవీ నడుస్తోందట. ‘‘కానుక లేక కాదు సార్. పక్కింటాయన అయిదువేలని చదివాక తన యాభై చదువుతారని’’ అంది. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల. కేరల్స్‌కు తాళంచెవి పట్టుకుని నడిచే నాకు ఆ తాళాలు ఊరెళ్లినవాళ్ల ఇళ్లవిగానే కనపడ్డాయి.

ఒక పెద్దాయన ఊరుకోలేదు. ‘‘బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు ప్రభువే కానుకపెట్టె ఎదురుగా కూర్చుని చూశాడు గదమ్మా. చూడ్డం తప్పయితే ఆయనెందుకు చూశాడు?’’ అన్నాడు. మామూలు ప్రశ్న కాదు, నాకైతే వెంటనే జవాబు తట్టలేదు.

‘‘చూశాడు సార్. మైకులో పేరు చదవలేదు. ఆవిడ పేరేంటో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు’’ అంది ఆ పిల్ల.

పెద్దాయన మార్కు సువార్త పన్నెండో అధ్యాయం తీసి, కళ్లజోడు సవరించుకుని, చివరి వచనాలు ఒకసారి చూసుకుని మూసేశాడు. తీర్మానం రాయమన్నాడు. డబ్బు లెక్క పుస్తకం ట్రెజరర్ దగ్గర ఉంటుంది, ఆడిట్‌కు కావాలి కాబట్టి. ఆరాధనలో మాత్రం మొత్తం ఎంత వచ్చిందో, దేనికి ఖర్చు పెడుతున్నామో ఆ రెండే చదువుతారు. ఇంటింటికీ తిరిగేటప్పుడు చేతి పుస్తకం ఉండదు. కానుక ఇవ్వని ఇంట్లో కూడా అన్ని చరణాలూ పాడాలి. చివరి వాక్యం నేను రాయించింది.

క్యూఆర్ కోడ్ గురించి నా పట్టుదల పూర్తిగా సడలలేదు. అది పనికొచ్చేదేనని ఒప్పుకుంటాను. ఎవరు ఎంత వేశారో గుమ్మంలో నిలబడ్డవాళ్లకు తెలియదు, అది మంచిదే. నక్షత్రం మీద మాత్రం వద్దన్నాను. వాదించి వాదించి చివరికి క్రిస్మస్ తాత వీపున అతికించడానికి ఒప్పందం కుదిరింది. ఫోన్లు లేని ముసలమ్మల కోసం గుడ్డసంచి ఉంటుంది, మూతి బిగించి, చెయ్యి పట్టేంత సందు మాత్రం వదిలి.

మీ సంఘంలో ఇంకా పేర్లూ అంకెలూ చదివే అలవాటు ఉంటే, ట్రెజరర్లకు, యూత్ లీడర్లకు నా మనవి ఒక్కటే. ఈ డిసెంబర్ 25న మొత్తం ఒక్కటే చదవండి. ఎవరన్నా అభ్యంతరం చెబితే ఈ కాలమ్ కత్తిరించి చేతిలో పెట్టండి, తిట్లు నాకు పంపమనండి.