బడికి అమ్మల కాపు

దిల్‌సుఖ్‌నగర్ అనగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు గుర్తొస్తాయి. అక్కణ్నుంచి ఎల్బీనగర్ దాకా గల్లీల్లోని సర్కారు బళ్లను కనిపెట్టుకుని ఉండే తల్లుల పేర్లు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక, గ్రాంటు ఖర్చుల పర్యవేక్షణ వాళ్ల బాధ్యతే. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు, మహిళా సంఘాలను ముందు నిలిపి, తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల పనులు అప్పగించారు.

ఈ కమిటీ పనికి జీతం లేదు, నేర్పు మాత్రం కావాలి. మధ్యాహ్న భోజనం వేళ అన్నం మెతుకు వేళ్ల మధ్య నలిపి ఉడికిందో లేదో చెప్పాలి. పప్పులో గరిటె తిప్పి చిక్కదనం పట్టాలి. ప్రాథమిక తరగతుల బిడ్డకు పూటకు 100 గ్రాముల బియ్యం, ఆ పై తరగతులకు 150 అన్న లెక్క తెలియాలి. "బాత్రూం తలుపుకు గడియ లేదు సార్, ఆడపిల్లలు ఎట్ల పోతరు?" అని మీటింగులో అడిగి, ఆ మాట రిజిస్టరులో రాయించి, గడియ బిగించేదాకా వెంటపడాలి.

రోజుకూలీ వదులుకుని వచ్చే ఆ తల్లుల పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. మీ వీధి బడి మీదే.