తుపాకీ పట్టకముందే

యుద్ధ సినిమా అయినా, గూఢచారి సినిమా అయినా, నేను శ్రద్ధగా చూసేది శిక్షణ ఘట్టమే. తాడు పట్టుకుని గోడెక్కడం, బురదలో పాకడం, గురి చూసి కాల్చడం. అదంతా చూడ్డానికి బాగుంటుంది. గెరిల్లా పోరాటాలు నడిచిన మన కొండల చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం అది సరిపోదు.

1922 సెప్టెంబరు 24, దామనపల్లి ఘాటీ. అల్లూరి సీతారామరాజు దళం పొదల మాటున కాపు కాసింది. ముందు నడిచిన దేశీ పోలీసులను వెళ్లనిచ్చింది. వెనకొచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ మీదే కాల్పులు జరిపింది. ఇద్దరూ చనిపోయారు. శత్రువు చేతికందేంత దగ్గర్లో నడుస్తుంటే ఊపిరి బిగబట్టి ఆగడం ఏ కవాతు మైదానంలో నేర్పుతారు? ఆ కొండదారులు మన్యం వాళ్లకు కొట్టినపిండి. అడవి చట్టాలు వాళ్ల పోడుకు అడ్డుపడ్డాయి, రోడ్డు పనుల వెట్టి వాళ్ల నడుము విరిచింది. దారి తెలిసిన కాళ్లకు కడుపు మంట తోడైంది.

1974లో కృష్ణ నూరో చిత్రంగా వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' నాకు ప్రాణం. ఆ సినిమా మనకు నాయకుణ్ణి కళ్లకు కట్టింది. ఆయన వెనక నిలిచిన జనం ఎలా తయారయ్యారో చెప్పే సినిమా ఇంకా రావాలి.

జనం అలా తయారైన కథ శ్రీకాకుళం గిరిజన ఉద్యమంలోనూ బోలెడంత ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న కాల్పుల్లో బలయ్యాక ఆ ఉద్యమం సాయుధ పోరాటం వైపు మళ్లింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే వెంపటాపు సత్యం మాస్టారు కొండబారిడిలో పాఠాలు చెబుతూ, సవరలు, జాతాపుల మధ్యే బతికి, వెట్టికీ వడ్డీ దోపిడీకీ ఎదురుగా సంఘం కట్టారు. కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చేతబట్టారు. లోపలి నరం లాగి మీటుతుంటే జముకు గుర్రుమంటుంది, ఆ మోతకు ఊరు ఊరంతా పోగయ్యేది. ఆ సాయుధ దారి తప్పా ఒప్పా అన్న వాదన ఎవరిది వారిదే. మనుషులు భయం వదిలింది మాత్రం ఆ సంఘాల్లో, ఆ పాటల దగ్గర.

పార్వతీపురం, పలాస వైపు కెమెరా పట్టిన కుర్రాళ్లకు నాదొక్కటే మాట. తుపాకుల సీన్లు తర్వాత రాద్దురుగాని, ముందు కొండ ఊళ్లకు వెళ్లి పెద్దల పక్కన కూర్చోండి. ఆనాటి కుర్రాళ్లు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడుతున్నారు. వాళ్లు చెప్పగలిగినప్పుడే వినాలి.