దుర్గ చూడని రైలు

విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని వంగ నవల 'పథేర్ పాంచాలి' 1929లో గ్రంథరూపమున వెలువడినది. దానిననుసరించిన సత్యజిత్ రాయ్ చలనచిత్రము 1955 నాటిది. రెల్లుపూల నడుమ అక్కతమ్ములు రైలుకై పరుగిడు ఘట్టమును విమర్శకులు మిక్కిలి కొనియాడిరి. నవలలో ఆ భాగ్యము దుర్గకు లేదు. పట్టాలను వెదకుచు పిల్లలిద్దరును దారి తప్పి, అలసి ఇల్లు చేరుదురు. రోగశయ్యపై ఆమె తమ్ముని కోరినదియు రైలును చూపుమనియే. పిమ్మట ఊరు విడిచి తాను రైలెక్కినపుడు అపూకు తలపునకు వచ్చునది వెనుక మిగిలిన అక్కయే.

దారిద్ర్యమనగా అన్నవస్త్రముల లేమియే యని తలంచుట మనకు పరిపాటి. చేరువనే సాగిపోవు లోకము అందకుండుటయు దారిద్ర్యమే యని విభూతిభూషణుడు గ్రహించెను. కానరాని రైలును వాక్యము చెప్పగలదు. చిత్రమునకు దానిని చూపక తప్పలేదు. రాయ్ ఘట్టము రమ్యమే, కాదనము. ఆ రమ్యతకై నవలలోని తీరని కోరిక బలియైనదని మాత్రము మా యభిప్రాయము.