ఉత్తరంలో ఉత్తరం

లండన్ లైబ్రరీలో ఒక కుర్ర పరిశోధకుడు చాన్నాళ్లుగా ఎవరూ ముట్టని పుస్తకాన్ని తెరుస్తాడు. పందొమ్మిదో శతాబ్దపు కవి ఒకాయన చదువుకున్న పుస్తకం అది. పేజీల మధ్య మడతపెట్టిన కాగితాలు కనిపిస్తాయి. ఆ కవి ఎవరో స్త్రీకి ఉత్తరం రాయబోయి, నచ్చక కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి, అదీ వదిలేసిన చిత్తుప్రతులు. మర్యాదగా పిలిచిన పిలుపు ఉంది గాని ఆమె పేరు లేదు. కుర్రాడు అటూ ఇటూ చూసి ఆ కాగితాలను గుట్టుగా తన వెంట తెచ్చేసుకుంటాడు.

పీనుగ లేదు, తుపాకీ లేదు, పోలీసు లేడు. అయినా ఆ పేరు తెలిసేదాకా మనం లేవలేం.

2002లో నీల్ లబ్యూట్ తీసిన ‘పొసెషన్’ సినిమా ఇలా మొదలవుతుంది. దీనికి మూలం ఎ.ఎస్. బయట్ నవల. 1990లో బుకర్ బహుమతి అందుకున్న ఆ నవల పేరు కింద ‘ఎ రొమాన్స్’ అని రచయిత్రే రాసిపెట్టింది. ప్రేమకథ, సాహిత్యం, అపరాధ పరిశోధన అనే మూడింటినీ ఒకే దారానికి గుచ్చే సినిమాలు తక్కువ. వాటి కథాసంవిధానం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు కనబడలేదు. చివరిదాకా విప్పి చూపక తప్పదు కనుక, ముగింపులు ముందే తెలియకూడదనుకునేవారు సినిమాలు చూశాక ఈ పేజీకి తిరిగి రావచ్చు.

తెలుగులో ‘ఉత్తరం’ అంటే లేఖ. జవాబు కూడా. తరువాతిది అనే అర్థమూ ఉంది. ఈ తరహా కథల గుట్టంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది: ఎప్పటిదో ఒక లేఖ, అందులో ఒక జవాబు, ఆ జవాబు వచ్చి వాలేది తరువాతి తరం మీద.

చిత్తుప్రతి చేసే పని

దొరికింది చిత్తుప్రతి కావడంలోనే మొదటి నేర్పు ఉంది. శుభ్రంగా రాసి సంతకం పెట్టిన ఉత్తరమైతే అది ఒక సంగతి చెప్పి ఊరుకుంటుంది. చిత్తుప్రతి ప్రశ్నలు రేపుతుంది. ఎవరికి? అసలు పంపాడా? పంపితే ఆమె ఏమంది? భార్య ఎలెన్‌తో తప్ప మరొకరితో పేరు వినబడని పెద్దమనిషి ఆ కవి, రాండాల్ఫ్ హెన్రీ యాష్. ఆయన చెయ్యి ఒక పిలుపు దగ్గర అన్నిసార్లు ఎందుకు తడబడింది? కొట్టివేతలే ఇక్కడ వేలిముద్రలు.

రెండో నేర్పు దొంగతనం. మామూలు పరిశోధన కథలో నేరం వేరొకరిది, వెతికేవాడు శుద్ధుడు. ఇక్కడ మొదటి నేరం వెతికేవాడిదే. ఆ కుర్రాడు రోలండ్ మిచెల్ కాగితాలు తెచ్చుకున్నాడు గనుక తన పైవాళ్లకు చెప్పుకోలేడు, ఒక్కడే మోయలేడు. రహస్యం పంచుకోవడానికి ఇంకొక మనిషి కావాలి. ప్రేమకథకు తలుపు తెరుచుకునేది అక్కడ.

సగం సగం

ఉత్తరానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. రాసినవాడి ఇంట్లో అది మిగలదు, అందుకున్నవారి ఇంట్లో మిగులుతుంది. కాబట్టి ఒక జంట మధ్య నడిచిన ఉత్తరాలు రెండు ఇళ్లలో సగం సగంగా ఉంటాయి. బయట్ ఈ చిన్న నిజం మీద కథ మొత్తం కట్టింది. రోలండ్‌కు యాష్ గురించి తెలుసు. ఆ పేరులేని స్త్రీ క్రిస్టబెల్ లామోట్ అనే కవయిత్రి అయి ఉండాలని అతనికి అనుమానం వస్తుంది. క్రిస్టబెల్ గురించి తెలిసినది లింకన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మాడ్ బెయిలీకి. అతని దగ్గర సగం తాళంచెవి, ఆమె దగ్గర సగం. నమ్మకాలు కలవకపోయినా వాళ్లిద్దరూ కలిసి నడవాలి.

చాలా సినిమాల్లో నాయికానాయకులను కలపడానికి వాన కురవాలి, బస్సు చెడిపోవాలి. ఇక్కడ ఆ పని చదువు చేసిపెట్టింది. రహస్యం ఒక్క అడుగు ముందుకు వేయాలంటే ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని చదవాల్సిందే. పరిశోధన మెట్లూ ప్రేమ మెట్లూ ఒకటే కావడం వల్ల ఏ సన్నివేశమూ అతికించినట్టు ఉండదు.

మిగతా ఉత్తరాలు దొరికే తీరు మరీ ముచ్చట. బెయిలీ వంశం వారి పాత భవనంలో క్రిస్టబెల్ చివరి రోజులు గడిపిన గది. అక్కడ కొన్ని బొమ్మలు, వాటికొక చిన్న మంచం. బొమ్మ రహస్యం దాస్తుందని క్రిస్టబెల్ రాసిన ఒక చిన్న పద్యం మాడ్‌కు గుర్తొస్తుంది. అందరూ పిల్లల పాటగా చదివి వదిలేసిన పద్యం అది. మాడ్ దాన్ని చిరునామాగా చదివి, బొమ్మ పరుపు ఎత్తి చూస్తుంది. ఉత్తరాల కట్ట బయటపడుతుంది.

సాహిత్య పరిశోధన కథకు ఉన్న ప్రత్యేక నియమం ఇదే. ఇక్కడ ఆయుధం చదవడం. ప్రత్యర్థి మోర్టిమర్ క్రాపర్ దగ్గర డబ్బు, పలుకుబడి ఉన్నాయి. కవి వాడిన ప్రతి వస్తువునూ కొని దాచుకోవాలనే యావ ఉంది. అయినా పద్యాన్ని పద్యంగా చదవగలిగినవాళ్లే ముందు గెలుస్తారు.

ఒకే చోటు, రెండు కాలాలు

1859లో యాష్, క్రిస్టబెల్ లోకం కన్నుగప్పి యార్క్‌షైర్ తీరానికి వెళ్లారని ఉత్తరాలను బట్టి తేలుతుంది. రోలండ్, మాడ్ కూడా ఆ దారే పడతారు. అదే విట్బీ ఊరు, అదే జలపాతం. నవలలో ఈ రెండు కాలాలను ఉత్తరాలు, డైరీలు, పద్యాలు కలుపుతాయి. కెమెరాకు అంత తీరిక లేదు గనుక సినిమా చోటును పట్టుకుంది. ఇప్పటి జంట నిలబడిన చోటే అప్పటి జంట ప్రత్యక్షమవుతుంది. గతం వెనక్కి వెళ్లి చూడవలసిన సంగతిలా ఉండదు, పక్క గదిలో ఉన్నట్టు ఉంటుంది.

అయితే రెండు జంటలూ ఒకే పాట పాడితే విసుగు పుడుతుంది. అందుకే పోలికతో పాటు తేడా పెట్టారు. ఆ కాలపు వాళ్లకు అడుగడుగునా కట్టుబాట్లు, అయినా మంటలో దూకారు. ఈ కాలపు వాళ్లకు అడ్డు చెప్పేవాళ్లు లేరు, అయినా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడానికి జంకుతారు. ప్రేమ గురించి వాళ్లు చదివిన సిద్ధాంతాలే వాళ్లకు అడ్డుగోడ.

ఆ మంటకు మూల్యం ఎవరు చెల్లించారో కథ దాచలేదు. క్రిస్టబెల్‌తో ఒకే ఇంట్లో ఉన్న చిత్రకారిణి బ్లాంచ్ గ్లోవర్ నీళ్లలో మునిగి ప్రాణం తీసుకుంటుంది. యాష్ భార్య ఎలెన్ అన్నీ తెలిసి మౌనంగా ఉండిపోతుంది. ఇలాంటి కథల్లో రహస్యం ఇద్దరిదే అయినా దాని బరువు నలుగురి మీద పడాలి. పడకపోతే రహస్యం బయటపడినా మనకేమీ పట్టదు.

తప్పు జవాబు

నడిమి భాగంలో కథను నిలబెట్టేది సగం నిజం. క్రిస్టబెల్ బ్రిటనీలోని బంధువుల ఇంటికి వెళ్లింది. గర్భవతి. ఒక రోజు మాయమై, బిడ్డ లేకుండా తిరిగి వచ్చింది. అక్కడి అమ్మాయి డైరీ ఇంతవరకే చెబుతుంది. తర్వాత చనిపోయినవాళ్లను పిలిచే సభ ఒకదానిలోకి యాష్ దూసుకొచ్చి, బిడ్డ ఏమైందని క్రిస్టబెల్‌ను నిలదీస్తాడు. ఆమె మాటలు విన్న ఎవరికైనా బిడ్డ బతికి లేదనే అనిపిస్తుంది. వెతికేవాళ్లూ మనమూ ఆ తప్పు జవాబుతోనే కొంతదూరం నడుస్తాం. మంచి కథకుడు అబద్ధం చెప్పడు. నిజంలో సగం చూపించి తక్కిన సగాన్ని మన ఊహకు వదిలేస్తాడు.

చివరి కాగితం యాష్ సమాధిలో ఉంది. అవసాన దశలో ఉన్న భర్తకు క్రిస్టబెల్ రాసిన ఉత్తరాన్ని ఎలెన్ విప్పలేదు, చించలేదు. పెట్టెలో పెట్టి ఆయనతో పాటు పూడ్చింది. క్రాపర్ రాత్రివేళ సమాధి తవ్వడం, ఆ పెట్టె మాడ్ చేతికి రావడం, రాసిన మనిషి తప్ప ఎవరూ చూడని ఉత్తరాన్ని దాదాపు నూరేళ్లకు ఆమె చదవడం వెంటవెంటనే జరిగిపోతాయి. బిడ్డ బతికింది. క్రిస్టబెల్ తోబుట్టువు ఆ పాపను తన కూతురిగా పెంచింది. మాడ్ ఆ పాప వంశంలోని మనిషి. క్రిస్టబెల్ దూరపు బంధువుననుకున్న అమ్మాయి, యాష్‌కూ క్రిస్టబెల్‌కూ సూటి వారసురాలు.

వెతుకుతున్న మనిషే జవాబు. ఈ ముగింపుకు నవల మొదటి నుంచీ మేకులు దిగేసి పెట్టింది. మాడ్ ఎప్పుడూ వాడే నల్లరాతి బ్రూచ్ విట్బీ తీరంలో దొరికే జెట్‌తో చేసినదని అక్కడి దుకాణంలో తెలుస్తుంది. ఆచూకీ ఆమె ఒంటిమీదే ఉంది, ఆమే చూడలేదు. ఇంకొక ముడి కూడా ఇక్కడే విడిపోతుంది. ఈ ఉత్తరాలు ఎవరివి? డబ్బున్న క్రాపర్‌వా, భవనం వారివా? రక్తసంబంధం తేలడంతో హక్కు మాడ్‌కు చెందుతుంది. ‘పొసెషన్’ అనే మాటకు సొంతం చేసుకోవడం అనీ, పూనకం అనీ రెండర్థాలున్నాయి. గ్రంథాలయంలో కోలరిడ్జ్ పరిశోధకురాలు కాథ్లీన్ కోబర్న్‌ను చూసినప్పుడు, ఈమె కవిని సొంతం చేసుకుందా, కవే ఈమెను ఆవహించాడా అని తోచిందనీ, పేరు అప్పుడే పుట్టిందనీ బయట్ చెప్పుకుంది. కథాసంవిధానం అంతా ఆ ప్రశ్నను సాగదీసినదే.

సినిమాలో లోటు లేకపోలేదు. ఐదు వందల పేజీలు దాటిన నవల గంటా నలభై నిమిషాల్లోకి కుదించుకుపోయింది. ఇద్దరు కవులకూ రెండు వేర్వేరు గొంతుల్లో బయట్ స్వయంగా రాసిన పద్యాలు దాదాపు రాలిపోయాయి. ఇంగ్లిష్ కుర్రాడు రోలండ్ అమెరికన్ అయ్యాడు. జెరెమీ నార్తమ్, జెన్నిఫర్ ఎలీ ఉన్న పాత కాలం పండినంతగా, ఆరన్ ఎకార్ట్, గ్వినెత్ పాల్ట్రో ఉన్న కొత్త కాలం పండలేదు. అయినా అస్థిపంజరం గట్టిది కనుక ఒళ్లు చిక్కినా మనిషి నిలబడ్డాడు.

మరో రెండు ఉత్తరాలు

ఇదే అస్థిపంజరం ఇంకోచోట ఇంకో ఒళ్లు తొడుక్కుంటుంది. 1995లో షుంజీ ఇవాయ్ తీసిన జపాన్ సినిమా ‘లవ్ లెటర్’లో, చనిపోయిన ప్రియుడి చిన్ననాటి చిరునామాకు హిరోకో ఒక ఉత్తరం రాస్తుంది. ఆ ఇల్లు ఇప్పుడు లేదని తెలిసే రాస్తుంది. జవాబు వస్తుంది! రాసింది అతని పేరే ఉన్న అతని పాత సహాధ్యాయిని. చివరకు బడి గ్రంథాలయంలోని ఒక పుస్తకపు కార్డు వెనుక, ఆ కుర్రాడు గీసిన ఆమె బొమ్మ బయటపడుతుంది. ప్రశ్న అడిగింది ఒకరు, జవాబు పడింది మరొకరి ఒళ్లో.

మన దగ్గర 2022లో హను రాఘవపూడి తీసిన ‘సీతారామం’ ఈ పద్ధతిలోదే. 1965 నాటి సైనికుడు రామ్ సీతామహాలక్ష్మికి రాసిన ఉత్తరం, 1985లో అఫ్రీన్ చేతికి వస్తుంది. రోలండ్‌కు తపన ఉంది, ఈమెకు అది లేదు. తాత వీలునామా ప్రకారం ఆస్తి దక్కాలి గనుక అయిష్టంగా హైదరాబాద్ వస్తుంది. ఆ అయిష్టం కరగడమే కథ నడక. సీత ఎవరో తెలుస్తుంది. తానెవరో కూడా తెలుస్తుంది: చిన్నప్పుడు రామ్ కాపాడిన పాప తనే. ఉత్తరం చేరవేయడానికి వచ్చిన మనిషి ఆ ఉత్తరానికి రుణపడిన మనిషి.

తెలుగు పాఠకుడికి ఈ కిటుకు కొత్తదేమీ కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఒకటి నడుమ ఉంటుంది. ఆ కథలోని మనుషులు కావ్యంలోనే తిరుగుతుంటారు. ముందు జరిగినవి వెనుకా, వెనుక జరిగినవి ముందూ చెబుతూ, పూర్వజన్మ జ్ఞాపకంతో చిక్కు విప్పుతాడు సూరన. ‘అభిజ్ఞాన శాకుంతలం’ పేరులోని అభిజ్ఞానం అంటే గుర్తు. అక్కడ ఉంగరం చేసిన పని ఇక్కడ ఉత్తరం చేస్తోంది.

మూడో పాయ

రెండు కాలాలను అల్లితే ఇలాంటి సినిమా వస్తుందనుకోవడం పొరపాటు. రెండు పాయలతో జడ పడదు, మూడోది కావాలి. ‘పొసెషన్’లో ఆ మూడో పాయ అక్షరాలా ఒక జుట్టు పాయ. సమాధిలోని పెట్టెలో ఉత్తరంతో పాటు లేత బంగారు రంగు జుట్టు దొరుకుతుంది. అది క్రిస్టబెల్‌దే అనుకుంటారు పరిశోధకులు. కూతురున్న సంగతి తెలియకుండానే యాష్ పోయాడని బాధపడతారు. వాళ్ల దగ్గరున్న కాగితాలన్నీ ఆ మాటే చెబుతాయి.

అప్పుడు కథ ఏ కాగితంలోనూ లేని ఒక మధ్యాహ్నాన్ని మన ముందు పెడుతుంది. నవలలో అది 1868. ఆడుకుంటున్న ఒక చిన్నపిల్ల దగ్గరికి యాష్ వస్తాడు. మాట కలుపుతాడు. ఆ పిల్ల ఎవరో అతనికి తెలుసు. ఒక జుట్టు పాయ అడిగి తీసుకుని, క్రిస్టబెల్‌కు చెప్పమని ఒక కబురు అప్పజెప్పి వెళ్లిపోతాడు. పిల్ల ఆటలో పడి కబురు మరిచిపోతుంది.

యాష్‌కు తెలిసిందని క్రిస్టబెల్‌కు ఎన్నడూ తెలియదు. రోలండ్‌కూ మాడ్‌కూ తెలియదు. ఎంత చదివినా తెలియదు, ఎందుకంటే ఎవరూ రాసి పెట్టలేదు. అందవలసిన మనిషికి అందని ఆ కబురు, సినిమా హాల్లో కూర్చున్న మనకు మాత్రం అందింది.