నీడను ఖాళీగా వదలొద్దు

గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో కురిచేడు దాటి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం మీదుగా గిద్దలూరు దాకా కట్టకు రెండు పక్కలా పచ్చగా కనిపించే దానిలో ఎక్కువ భాగం చిల్లచెట్టే. సర్కారు తుమ్మ అని కూడా అంటాం. దీన్ని మన నేలమీదికి తెచ్చింది నిజంగా సర్కారే. మద్రాసు ప్రెసిడెన్సీలో వంటచెరకు కొరత తీరుతుందన్న ఆశతో అటవీ శాఖ 1870ల చివర్లో మన పొరుగునే ఉన్న కడప జిల్లా కమలాపురంలో దీని విత్తనాలు నాటించింది. విత్తనాలు తెప్పించమని పైవాళ్లకు రాసిన అధికారి బెడ్డోమ్. ఆయన సామాన్యుడు కాదు, దక్షిణాది చెట్టూచేమల గురించి ఆ కాలంలో అంత తెలిసినవాళ్లు తక్కువ. ఎక్కువగా నల్లమలలోనే కనిపించే ఒక చిన్న మొక్కకు, డిక్లిప్టెరా బెడ్డోమీకి, ఆయన పేరే పెట్టారు. ఇవాళ నల్లమల అంచుల్లో అలాంటి స్థానిక మొక్కల నోటి దగ్గర నేలను లాక్కుంటున్న వాటిలో ఆయన కోరి తెప్పించిన చెట్టూ ఒకటి. బెడ్డోమ్‌ను తప్పుపట్టడం తేలికే. కానీ ఆయన్ని నడిపించిన ఆలోచన మనల్ని ఇంకా వదల్లేదు: నేల ఖాళీగా ఉంది, త్వరగా పెరిగేది ఏదో ఒకటి పెడదాం. దానికి తలకిందుల ఆలోచన కూడా మనలో ఉంది: పిచ్చిమొక్క వచ్చింది, పీకేసి నేలను శుభ్రంగా ఖాళీగా ఉంచుదాం. ఈ రెండో ఆలోచన కూడా మొదటిదాని అంత నష్టం చేస్తుందని, ముఖ్యంగా ఇంటి పెరట్లో, బడి ప్రహరీ వెంట, గుడి వెనక చెట్ల నీడన ఉండే నేల విషయంలో చేస్తుందని నా వాదన. పీకడం సగం పనే. నీడను మనకు కావలసిన మొక్కలతో కిక్కిరిసేలా నింపడం మిగతా సగం, ఆ విద్య మన పెరళ్లలో ఎప్పటినుంచో ఉంది.

ముందు పీకడం ఎందుకు చాలదో చూద్దాం. చిల్లచెట్టును నేలమట్టానికి నరికితే ఒక్క మాను పోయి పది కొమ్మలు లేస్తాయి. కాండం వేరుగా మారే చోట, మట్టి కింద, మొగ్గలు దాగి ఉంటాయి. గొడ్డలి వాటిని తాకదు. గునపంతో మొదలు చుట్టూ తవ్వి జానెడు లోతున వేరును తెగ్గొడితే తప్ప అది చావదు. అలా చంపినా కథ అయిపోదు. దీని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి, గింజలు మాత్రం అరగకుండా పేడలో బయటికొస్తాయి. పెరటికి పచ్చిపేడ ఎత్తి పోసేవాళ్లు చిల్లచెట్టును తమ చేతులతోనే విత్తుతున్నట్టు. బాగా మాగిన ఎరువు తప్ప మరేదీ నీడ మళ్లలో వేయకూడదు. పులికంప, అంటే లాంటానా, దారి వేరు. దాని నల్లటి పండ్లు పక్షులు తిని చెట్టెక్కి కూర్చుంటాయి, గింజలు చెట్టుకిందే రాలతాయి. అందుకే వేప కింద, కానుగ కింద, ఎవరూ నాటకుండానే పులికంప లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం లాంటానా తొలగింపుకు రూపొందించిన పద్ధతి ఈ సంగతిని పట్టుకుంది. మట్టిని తిరగేయకుండా, నేలకు రెండు మూడు వేళ్ల లోతున ప్రధాన వేరును నరికి, పొదను తలకిందులుగా పడేసి ఎండబెడతారు. పక్షులు వాలే చెట్ల కింద మళ్లీ మళ్లీ చూసి లేత మొలకల్ని తీసేస్తారు. ఆ తర్వాత ఆ నేలలో స్థానిక గడ్డినో మొక్కలనో పెంచుతారు. ఆ చివరి మెట్టు లేకపోతే మిగతా శ్రమంతా వృథా అన్నది అడవి మీద పనిచేసినవాళ్లు తేల్చిన విషయం. 2020లో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా నేలలో లాంటానా ఉందని లెక్కగట్టింది. 1809లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందం కోసం తెచ్చిన మొక్క అది. తమిళనాడులో 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం చిల్లచెట్లను తొలగించమని గట్టిగా ఆదేశించింది. 2022కి వచ్చేసరికి ఆ రాష్ట్రం తొలగింపుతో పాటు నేలను బాగుచేయడాన్ని కూడా కలిపి ప్రత్యేక విధానమే ప్రకటించాల్సి వచ్చింది. కోర్టు ఆజ్ఞకు కూడా ఖాళీ నేల లొంగదు.

ఇక్కడే నీడ మనకు సాయపడుతుంది. చిల్లచెట్టు ఎండను కోరే చెట్టు, దట్టమైన నీడలో గింజ మొలిచినా మొక్క బలపడదు. వయ్యారిభామ కూడా బోసి నేలనూ వెలుతురునూ వెతుక్కుంటూ వచ్చేదే. పులికంప కొంత నీడను ఓర్చుకుంటుంది గానీ గింజ మొలవడానికి నేల మీద వెలుగు పడాలి. అంటే చెట్టు నీడకు తోడు నేలను కప్పే మరో రెండు వరసల ఆకు ఉంటే, కొత్తగా రాలిన గింజకు చోటు దొరకదు. ఆ వరసలు ఏ మొక్కలతో కట్టాలన్న ప్రశ్నకు మన పెరడు ఇచ్చిన జవాబు చాలా తెలివైనది. కనకాంబరం, డిసెంబరాలు, ముళ్ళగోరింట, అడ్డసరం, నేలవేము, నాగమల్లె. పూలకోసమో మందుకోసమో మన ఇళ్ల నీడన పెరిగిన ఈ మొక్కలన్నీ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే కుటుంబానివి, అకాంతేసీ. ఇది కాకతాళీయం అనుకోను. ఏడాదిలో సగం ఎండిపోయి, వానకు చిగిర్చే మన ఆకురాల్చు అడవుల్లో పెద్ద చెట్ల కింద నిలదొక్కుకున్న కుటుంబం అది. బెడ్డోమ్ పేరున్న డిక్లిప్టెరా కూడా ఈ కుటుంబానిదే, నల్లమల పేరే పెట్టుకున్న ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా కూడా అంతే. కనకాంబరం పుట్టిల్లు దక్షిణ భారతం, శ్రీలంక. చెట్టు కింది మసక వెలుగు, వేసవి కరువు, వేర్ల పోటీ, వీటికి తరతరాలుగా అలవాటుపడిన మొక్కలనే మన పెద్దలు చెట్టుకిందికి తెచ్చుకున్నారు. కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. మరువంతో కలిపి కట్టిన దండ మర్నాటికి కూడా వాడకుండా ఉండటం వాళ్లు గమనించినట్టు లేదు.

నాటే తీరులో కూడా లెక్క ఉంది. మృగశిర వానలకు నేల మెత్తబడ్డాక పీకుడు మొదలుపెట్టాలి, వయ్యారిభామనైతే పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని. మార్కాపురం, కంభం వైపు వాన ఎక్కువ కురిసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో గనుక, మధ్యలో దొరికే దాదాపు మూడు నెలల్లో మళ్లీ లేచిన మొలకల్ని ఒకటికి రెండుసార్లు ఏరేసి, ఉత్తర, హస్త కార్తెల్లో నాటితే మొక్క వేరు పట్టుకుంటుంది. వెనక, గోడ వైపు, అడ్డసరం, నందివర్ధనం. అడ్డసరాన్ని మేకలు ముట్టవు. కట్టు లేని మేకలు తిరిగే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. దాని కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది. మధ్యలో డిసెంబరాలు, ముళ్ళగోరింట, తెల్లచిత్రమూలం. ముందు వరసలో కనకాంబరం, వాము ఆకు. వీటి మధ్య మిగిలే సందుల్లో చాగ దుంపలు. నీళ్లు లేకున్నా చావదు, పిలకలు వేసి సందు మూసేస్తుంది. అడుగుకు ఒక మొక్క అన్నది కొలత, అంతకంటే ఎడంగా పెడితే ఆ ఎడంలో ఏం మొలుస్తుందో తెలిసిందే. కనకాంబరం గింజ దొరకబుచ్చుకోవడానికి ఒక చిట్కా కావాలి. పండిన కంకి మీద నీటి చుక్క పడగానే కాయ పగిలి గింజ దూరంగా ఎగిరిపోతుంది. కాబట్టి ఎండిన కంకుల్ని కోసి, పలచటి గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి, పైన నీళ్లు చిలకరించి గింజ పట్టుకోవాలి. ఢిల్లీ కనకాంబరం అనే ముదురు రంగు రకం గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచాలి. ఈ మొక్క ఉన్నట్టుండి వాడి చస్తే అది వేర్లను పట్టే నులిపురుగుల పని కావచ్చు. నాటేటప్పుడే గుంటలో గుప్పెడు వేపపిండి, నీడ పలచనైన అంచున బంతి, ఇవి రెండూ వాటిని అదుపులో పెడతాయి. రాలిన వేపాకును ఊడ్చి కాల్చడం మాత్రం మానాలి. అది అక్కడే పరుచుకుంటే తేమ నిలుస్తుంది, కలుపు గింజ మీద వెలుగు పడదు.

వేప కింద ఏదీ బతకదన్న మాట తరచు వినిపిస్తుంది. చెట్టు మొదట్లోనే నాటితే బతకదు, నిజమే. అక్కడ వేర్ల పోటీ ఎక్కువ, వాన చినుకు కూడా సరిగా పడదు. మొదలుకు మూడు నాలుగడుగులు వదిలి, పెద్ద వేర్ల మధ్య సందుల్లో చిన్న గుంటలు తీసి నాటాలి. మట్టి పోసి ఎత్తు పెంచి నాటితే మొక్కలు బతుకుతాయేమో గానీ చెట్టుకు చేటు. ఇక నీళ్లు. సాగర్ కుడి కాలువ కురిచేడు మండలాన్ని తాకుతుంది గానీ, పడమటికి పోయేకొద్దీ తాగేనీరే ట్యాంకరులో వచ్చే ఊళ్లున్నాయి. అక్కడ పూలమొక్కలు విలాసం కాదా అని ఎవరైనా అడిగితే కసురుకోలేం. అయితే నీడన ఉన్న నేల ఎండలో ఉన్న నేల కంటే చాలా నెమ్మదిగా ఆరుతుంది, ఈ మొక్కల్లో కొన్ని వేసవిలో ఆకు రాల్చి మోడై వానకు మళ్లీ లేవగలవు. మొదటి ఏడాది బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోస్తే చాలు. పచ్చికతో లాన్ వేయమని ఎవరైనా చెబితే, ఆ మాట మాత్రం ఇక్కడ వినకూడదు.

పాముల భయం వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం, దాన్ని నవ్వి కొట్టేయకూడదు. ఎండాకుల కింద పింజరి చుట్టుకోవచ్చు, గోడ పగుళ్లలో కట్లపాము దూరవచ్చు. కానీ పాము వచ్చేది ఎలుక కోసం, దాక్కునే చోటు కోసం. ఆ రెండూ చిల్లకంప కుప్పలోనూ పులికంప పొదలోనూ దండిగా దొరుకుతాయి, చెయ్యి పెట్టి శుభ్రం చేసే వీలూ ఉండదు. మొక్కల వరసను మన చేత్తో ఎత్తు తగ్గించుకోవచ్చు. గడపకూ మొక్కలకూ మధ్య మూడడుగుల బోసి నేల వదలాలి, ఖాళీ పనికొచ్చే చోటు అదొక్కటే. ఆ హద్దుకు మార్కాపురం పలకల గనుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న రాతి చెక్కలు చక్కగా నప్పుతాయి, కాకపోతే వాటిని మట్టిలో గట్టిగా కూర్చాలి, కిందన సందు మిగలకుండా.

నర్సరీకి వెళ్తే పని సులువు కదా అనేవాళ్లకు ఒక హెచ్చరిక. నీడన నేలను కప్పడానికి పచ్చటి ఆకు, పసుపు పూలున్న వెడేలియాను ఈమధ్య విరివిగా అమ్ముతున్నారు. ప్రపంచంలోని వంద అతి ప్రమాదకర దురాక్రమణ జీవుల జాబితాలో లాంటానాతో పాటు అదీ ఉంది. లాంటానా కూడా తోటలోంచే అడవికి నడిచి వెళ్లిందని మరిచిపోకూడదు. అలాగని విదేశీ మొక్కలన్నిటినీ తరిమేయాలని నేననను. బంతి, చంద్రకాంత, బిళ్ళగన్నేరు ఏవీ మన దేశానివి కావు. పెరట్లో అణగి ఉన్నంతవరకు వాటితో తగువు లేదు. మొక్క ఎక్కడిదన్నది కాదు, గోడ దాటి ఏం చేస్తుందన్నదే చూడాలి. బొగ్గు కాల్చి బతికే కుటుంబాలకు చిల్లచెట్టే ఆధారమని గుర్తుచేసేవాళ్ల మాటా సబబే. బీళ్ల మీది చెట్ల సంగతి ఆ కుటుంబాలతో మాట్లాడి తేల్చాల్సిన విషయం. ఇంటి నీడకూ బడి ప్రహరీకీ ఆ చిక్కు లేదు.

ఒక్కసారిగా పెరడంతా తవ్వొద్దు. ఈ మృగశిరకు నాలుగు గజాల నేల తీసుకోండి, అది పూర్తిగా మూసుకున్నాకే పక్క నాలుగు గజాలు. కనకాంబరం గింజలు, అడ్డసరం కొమ్మలు కొనే పని లేదు. మీ వీధిలోనే ఏదో ఒక ఇంట్లో ఉంటాయి, అడిగి తెచ్చుకోండి.